అతిథులకై గృహస్థుల వెడలగొట్టుట న్యాయమా?

తూర్పు ఆఫ్రికాలోని టాంజానియా దేశమును చూచిపోవుటకై 2024వ సంవత్సరమున 20 లక్షలకు మించిన విదేశీయులు వచ్చిరి. ఆ దేశచరిత్రలో అంతకుముందు ఏ సంవత్సరమునను ఇంతమంది అతిథులు వచ్చియుండలేదు. ఆ సంవత్సరమే ఆగస్టు నెలలో, ఆ యతిథుల మోటారులు బారులుతీరి సాగిపోవు న్గోరోంగోరో మార్గమున, ఎఱ్ఱని వస్త్రములు ధరించిన మాసాయి స్త్రీపురుషులు వేలకొలది వచ్చి దారికడ్డముగా నిలిచిరి. వారు ధనమడుగలేదు. ఉద్యోగములడుగలేదు. తమ గ్రామముల పేర్లు ప్రభుత్వపు పట్టికలలో నుండవలెననియు, తాము పుట్టి పెరిగినచోటనే తమకు వోటుండవలెననియు మాత్రమే కోరిరి. మోటారులలో కూర్చున్న యాత్రికుల చేతులలోని పుస్తకముల యట్టలపై నుండునది ఈ మాసాయివారి చిత్తరువే. ప్రకటనపత్రములలో వారికి అగ్రస్థానము కలదు. గ్రామముల పట్టికలో మాత్రము స్థానము లేకపోయెను.

అతిథిని దైవసమానునిగా చూడవలెనని మన పెద్దలు మనకు నేర్పిరి. ఆ ధర్మమునందు మాకెట్టి సందేహమును లేదు. కాని ఆ ధర్మమునకొక మూలము కలదు. ఆతిథ్యమిచ్చువాడు ఆ యింటికి యజమానుడై యుండవలెను. తలుపు తీయుటకును వేయుటకును అధికారము గలవాడే గృహస్థు. ఆ యధికారము పోయినపిమ్మట ఎంత ప్రేమతో వడ్డించినను వాడు సేవకుడే యగును. కావున విదేశీయాత్రికుల రాకవలన ఒక బీదదేశమునకు ఎన్నికోట్లు లభించెనని లెక్కించుటకు ముందుగా, అతిథులు వచ్చిన తరువాత ఇల్లెవరిదై యున్నదని విచారింపవలసియున్నది. టాంజానియా యుత్తరభాగమునుండి ఈ ప్రశ్నకు వచ్చుచున్న ప్రత్యుత్తరము మాకు మిక్కిలి వ్యాకులత కలిగించుచున్నది.

పూర్వచరిత్రమును కొంత చెప్పక తప్పదు. టాంగనీకా యని నాడు పిలువబడిన ఆ భూభాగమును మొదట జర్మనులును, ప్రథమ ప్రపంచసంగ్రామానంతరము ఆంగ్లేయులును పాలించిరి. 1951లో ఆంగ్లప్రభుత్వమువారు సెరెంగెటి మైదానములను జాతీయవనముగా ప్రకటించిరి. సెరెంగెటి యను పేరే మాసాయి పలుకునుండి పుట్టినది. అంతులేని మైదానమని దాని తాత్పర్యము. పేరుపెట్టినవారు అచ్చటనుండరాదని కొలదికాలములోనే నిర్ణయమయ్యెను. 1958 ఏప్రిలులో 12మంది మాసాయిపెద్దలు, తమ జాతివారందఱి పక్షమునను, సెరెంగెటి పశ్చిమభాగమును వదలిపోవుట కంగీకరించినట్లుగా ఒక పత్రముపై సంతకములు గైకొనబడెను. పరదేశప్రభుత్వ మొకవైపునను, పండ్రెండుగురు పశుపాలకులు మఱియొకవైపునను కూర్చున్నప్పుడు పుట్టు నొడంబడిక యెట్టిదో న్యాయస్థానములతో పరిచయముగల పాఠకులకు మేము వివరింపనక్కఱలేదు.

అయినను ఆ యొడంబడికకొక ప్రతిఫలము చూపబడెను. 1959లో చేసిన శాసనముచేత, సెరెంగెటికి తూర్పుననున్న సుమారు 8,300 చదరపు కిలోమీటర్ల భూమి న్గోరోంగోరో సంరక్షణప్రదేశముగా వేఱుచేయబడెను. అచ్చట మృగములును, మనుష్యులును, పశువులును కలిసి జీవింపవచ్చునని చెప్పిరి. ఆ సంవత్సరము ఆగస్టులో నాటి గవర్నరు మాసాయి మండలియెదుట నిలిచి, మృగముల క్షేమమునకును నివాసుల క్షేమమునకును వైరుధ్యమేర్పడినచో నివాసుల క్షేమమే ముందని వాగ్దానము చేసెను. ప్రభుత్వప్రతినిధి నిండుసభలో పలికిన మాట యది. టాంజానియాలో నేడు జరుగుచున్న వివాదమంతయు ఆ మాటకు విలువయున్నదా లేదా యనుటపై నాధారపడియున్నది.

ఆ కాలముననే యూరపులో మఱియొక భావము బలపడెను. ఫ్రాంక్‌ఫర్టు నగర జంతుప్రదర్శనశాలాధ్యక్షుడైన గ్రిమెక్కును, ఆయన కుమారుడును విమానమునుండి సెరెంగెటి మృగములను లెక్కించి తీసిన చలనచిత్రము 1959లో వెలువడి, మఱుసటి సంవత్సరము అమెరికావారి ఆస్కారు బహుమతి పొందెను. కుమారుడు ఆ కార్యములోనే విమానప్రమాదమున మరణించెను. వారి మృగప్రేమను మేము శంకింపము. కాని ఆ భావము ప్రపంచమున నాటిన చిత్తరువులో మనుష్యుడు లేడు. ఆఫ్రికా యనగా జనశూన్యమైన యరణ్యమనియు, అందు పశులకాపరి కనబడుట ఒక కళంకమనియు కోట్లకొలది జనులు నమ్మిరి. యాత్రాకంపెనీలవారు విక్రయించునది ఆ చిత్తరువునే. చిత్తరువును చూపి సొమ్ము పుచ్చుకొనినవారు దానికి సరిపోవునట్లు భూమిని మార్చుటకు పూనుకొనుటలో వింతయేమున్నది?

స్వాతంత్ర్యము 1961లో వచ్చెను. వాగ్దానముమాత్రము తరుగుచునే వచ్చెను. 1974లో న్గోరోంగోరో బిలమున, అనగా చల్లారిన అగ్నిపర్వతపు గర్భమున, నివసించుచున్న మాసాయికుటుంబములను ఖాళీ చేయించిరి. 1975లో ఆ సంరక్షణప్రదేశమందంతటను సేద్యము నిషేధింపబడెను. 1992లో ఆ నిషేధమును సడలించి, 2009లో మరల బిగించిరి. పాలును మాంసమును మాత్రమే నమ్ముకొని బ్రతుకలేక, ఇంటిప్రక్కన నాలుగు మొక్కజొన్నపాదులు పెట్టుకొనుట అచ్చటి తల్లికి నేరమయ్యెను. ఆ బిలపు టంచునమాత్రము విదేశీయుల కొఱకు హోటళ్లు లేచినవి. వాని స్నానశాలలకు నీరు పాఱుచున్నది. గుప్పెడు గింజలు నాటిన ప్రకృతి చెడునట. మేడ కట్టిన చెడదట! ఈ తర్కము మాకు బోధపడకున్నది.

న్గోరోంగోరోకు ఉత్తరమున కెన్యా సరిహద్దుదాక లోలియోండో యను ప్రదేశము కలదు. 1992లో అచ్చటి మృగములను వేటాడు లైసెన్సు, గ్రామస్థుల సమ్మతి లేకయే, ఎమిరేట్లకు చెందిన యొక వేటకంపెనీకి దక్కెను. ముప్పదియేండ్లుగా ఆ భూమినిగూర్చి కలహము చల్లారలేదు. 2022 జూనులో ప్రభుత్వ బలగములు వచ్చి, సుమారు 4,000 చదరపు కిలోమీటర్లుగల ఆ ప్రదేశమున 1,500 చదరపు కిలోమీటర్లను మృగరక్షితభూమిగా వేఱుచేయుటకై సరిహద్దుఱాళ్లు పాతసాగెను. గ్రామస్థులు అడ్డగించిరి. ఒక పోలీసు మరణించెను. పెక్కురు మాసాయిలు గాయపడిరి. ఎందఱో గాయములతోనే సరిహద్దు దాటి కెన్యాకు పరుగెత్తిరి. హత్యాభియోగము మోపబడి నెలలకొలది చెఱసాలలోనున్న ఇరువదిమందికి పైబడినవారిపై ఆ నవంబరులో అభియోగము విరమింపబడెను. తూర్పు ఆఫ్రికా న్యాయస్థానము 2022 సెప్టెంబరులో గ్రామస్థుల వ్యాజ్యమును కొట్టివేసెను. దానిపై విన్న అప్పీలు శాఖ 2023 నవంబరులో ఆ తీర్పును రద్దుచేసి, సాక్ష్యమును మరల విచారింపుమని తిప్పిపంపెను. ఈ మధ్యకాలమున సరిహద్దుఱాళ్లు మాత్రము న్యాయమునకై కాచుకొని యుండలేదు.

న్గోరోంగోరోలో అవలంబింపబడిన పద్ధతి వేఱు. పొమ్మనలేక పొగబెట్టుట యని మనవారందురు, అదియే యిది. 2022 మొదలుకొని, సుమారు ఆఱువందల కిలోమీటర్ల దూరమున హండేని జిల్లాలోని మ్సొమేరా యను గ్రామమున ప్రభుత్వము ఇండ్లు కట్టించి, స్వచ్ఛందముగా అచ్చటికి పొండని చెప్పుచున్నది. పోవువారికి ఇల్లును, సేద్యభూమియు ఇత్తురు. కాని పోనివారి పాఠశాలలకును వైద్యశాలలకును రావలసిన ధనము ఆగిపోయినదని నివాసులును, వారి పక్షమున విచారించిన మానవహక్కుల సంఘములును మొఱపెట్టుచున్నారు. మ్సొమేరాలో అంతకుముందే నివసించుచున్నవారు, తమ భూములే క్రొత్తవారికి పంచబడినవని మఱియొక మొఱ పెట్టుచున్నారు. బిడ్డకు మందు దొరకనిచోటనుండి తల్లి కదలిపోయినచో దానిని స్వచ్ఛందగమనమని ఏ ధర్మశాస్త్రము చెప్పగలదు? ఒక చేతితో అన్నపుపళ్లెమును లాగికొని, రెండవచేతితో సమ్మతిపత్రమును చాచుట సమ్మతి గైకొనుట కానేరదు.

తుదకు 2024 ఆగస్టులో ఒక ప్రభుత్వప్రకటన వెలువడెను. న్గోరోంగోరోలోని 11 వార్డులును, 25 గ్రామములును, 96 పల్లెలును ఆ ప్రకటనచే పట్టికనుండి తొలగింపబడెను. గ్రామము లేనిచో గ్రామసభ లేదు. గ్రామసభ లేనిచో భూమినిగూర్చి మాటలాడుట కెవరికిని అధికారము లేదు. కత్తి దూయకయే, కలముపోటుతో ఒక సమాజమును చట్టమునుండి చెఱిపివేయుట యన నిదియే. పైని చెప్పిన మాసాయి ప్రదర్శనము దీనిపైననే జరిగినది. అరూషాలోని హైకోర్టు ఆ నెలలోనే ప్రకటన యమలును నిలిపెను. అధ్యక్షురాలు సామియా సులుహు హస్సాను ఆ డిసెంబరులో మాసాయిపెద్దలను కలిసికొని, విచారణసంఘములను నియమింతునని మాటయిచ్చెను. ఆ మాట ఫలించుగాక యని మేము కోరుచున్నాము. కాని మోటారులకు దారి మూసిన తరువాతనే మొఱ వినబడెనను సంగతిని మాత్రము విస్మరింపజాలము.

ఎదుటిపక్షమువారి వాదమును వినక తీర్పు చెప్పుట మా వృత్తిధర్మము గాదు. ప్రభుత్వపక్షమువా రిట్లు చెప్పుదురు. 1959లో న్గోరోంగోరోలో జనసంఖ్య సుమారు 8 వేలు, నేడది లక్షయైనది. పశువులును పెరిగినవి. ఏటేట పది లక్షలకు మించిన విల్డ్‌బీస్టు మృగములు గడ్డికొఱకు తిరుగాడు ఆ మైదానములు ప్రపంచమునకంతకును సొత్తు. పర్యాటకవ్యాపారమువలన 2019లో దేశమునకు సుమారు 260 కోట్ల డాలర్లు వచ్చెను. 2023లో 18 లక్షలమంది యాత్రికులవలన 330 కోట్లకు మించి వచ్చెను. మార్గములకును, పాఠశాలలకును, ఉద్యోగములకును ఆ ధనమే యాధారము. ఒక లక్షమంది కొఱకు ఆఱుకోట్లకు పైబడిన ప్రజల లాభమును విడువవలెనా యని వా రడుగుదురు.

ఇది త్రోసివేయదగిన వాదము గాదు. జనము పెరిగినమాట నిజము. పచ్చిక పరిమితమనుట నిజము. అయితే జనసంఖ్య పెరుగుట ఆ దేశమందంతటను జరిగినదే గదా. సెరెంగెటి మైదానములనుండి పంపివేయబడినవారి సంతతి వచ్చి చేరినచోటనే జనము పెరిగెనని ఆక్షేపించుట, వెళ్లగొట్టినవారే క్రిక్కిఱిసితిరని నిందించుటగా నున్నది. మఱియు, శతాబ్దములు మాసాయి పశువులు మేసిన మైదానములలోనే ఈ మృగములు మిగిలియుండుట ఎట్లు సంభవించెను? అడవిమృగముల మాంసమును సామాన్యముగా ముట్టక, తమ పశువులనే నమ్ముకొని బ్రతికిన జాతి మధ్యనుండుటచేతనే అవి మిగిలినవి. కాపరి లేనిచోటనే మృగము క్షేమముగా నుండుననువారు దీనికి సమాధానము చెప్పవలసియున్నది. ఇక నందఱి మేలుకొఱకు కొందఱి భూమి కావలసివచ్చినచో, దానికొక న్యాయమార్గము కలదు: ముందుగా తెలుపుట, వినుట, సమ్మతి పొందుట, పూర్ణపరిహారమిచ్చుట. అందఱి మేలను పేరుతో ఈ నాలుగింటిని దాటిపోవు నధికారము ఏ ప్రభుత్వమునకును లేదు.

ఆ ధనమైనను ఎచ్చటికి పోవుచున్నదో కొంచెము విచారింతము. యాత్రికుడు తన దేశముననే తన యాత్రయంతటికిని కలిపి సొమ్ము చెల్లించును. అందు విమానకంపెనీకి కొంత, అచ్చటి ఏజెంటుకు కొంత, పరదేశపు మూలధనముతో నడచు హోటలునకు కొంత, ఆ హోటలు తెప్పించుకొను ద్రాక్షాసవములకును యంత్రములకును కొంత పోవును. మిగిలినదియే యాతిథేయదేశమున దిగును. దిగినదానిలోను ప్రవేశరుసుములు మొదట రాజధానికి పోవును. బిలములోనికి ఒక మోటారు ఒకమాఱు దిగుటకు, పన్నులు గాక, 250 డాలర్లు పుచ్చుకొనుట ఇటీవలి ధర. ఆ మోటారును దారిలో చూచుచు నిలుచున్న పశులకాపరి యింటికి ఆ సొమ్ములో నెంత చేరుచున్నదో యూహింపవచ్చును. యాత్రికులకు చూపుటకై ఏర్పడిన మాసాయి బొమాలలో, అనగా గుడిసెల ముంగిళ్లలో, నర్తించి పూసలమ్ముకొను స్త్రీలకు రావలసిన రుసుములో కొంత మధ్యవర్తుల చేతిలోనే ఆగిపోవుచున్నదని బొమాలవారు పలుమాఱు చెప్పిరి. సొమ్మొకరిది, సోకొకరిది యన్న మన సామెత కింతకంటె తగిన యుదాహరణము దొరకదు.

5,895 మీటర్ల యెత్తుగల కిలిమంజారో శిఖరమునకు ఎక్కు యాత్రికుల గుడారములను, కుర్చీలను, ఆహారమును మోయువారు స్థానికులైన కూలీలు. ఒక్కొక్కని మూట 20 కిలోగ్రాములకు మించరాదని నియమము కలదు. నియమముండుట వేఱు, త్రాసు వద్ద దానిని పాటించుట వేఱు. వీరి కూలి, తిండి, గుడారములు సరిగా నున్నవో లేవో చూచుటకే 2003లో ప్రత్యేకముగా నొక సహాయసంఘము స్థాపింపబడవలసివచ్చెను. కూలిలో గొప్పభాగము యాత్రికుడు కడపట దయతో నిచ్చు ఇనాముపై నాధారపడియుండుట ఈ వృత్తికి పట్టిన పెద్దదోషము. పనిచేసినవానికి వేతనము హక్కు. దానిని ఇనాముగా మార్చినచో పౌరుడు యాచకుడగును.

ఇట్టి వ్యాపారముపై దేశము నిలుచుట యెంత యపాయకరమో 2020లో తేటపడెను. కోవిడు వ్యాధి వ్యాపింపగా, 2019లో 15 లక్షలుగా నున్న యాత్రికుల సంఖ్య ఆ సంవత్సరము 6 లక్షల చిల్లరకు పడిపోయెను. ఆదాయము సుమారు 71 కోట్ల డాలర్లకు దిగెను. అరూషాపట్టణమున డ్రైవర్లును, వంటవారును, కూలీలును ఒక్కమాఱుగా పనిలేనివారైరి. వారి తప్పేమియు లేదు. పరదేశమున నెవరో ఇల్లు కదలకుండుటయే వారి దారిద్ర్యమునకు కారణమయ్యెను. పాడిపశువుగలవాని కుటుంబము ఆ సంవత్సరమును పాలతో గడిపినది. పశువును విడిపించి, ప్రదర్శనమునే జీవనముగా చేసిన కుటుంబమునకు ఆ యాధారమైనను మిగులదు.

ఈ సందేహములు టాంజానియా ప్రజలకు క్రొత్తవి కావు. పరదేశీయులు నేర్పినవియు కావు. నైరేరే నాయకత్వమున 1967లో అరూషా ప్రకటన స్వావలంబనమును జాతీయధర్మముగా ప్రకటించినపిమ్మట, విదేశీయాత్రికుల వ్యాపారము స్వావలంబనమునకు తోడ్పడునా విరోధించునా యని 1970లో దారెస్సలాం పత్రికలో తీవ్రమైన చర్చ జరిగెను. విశ్వవిద్యాలయ యువకులు హోటలు భవనములపై దేశధనమును వెచ్చించుటను ప్రశ్నించిరి. ప్రభుత్వోద్యోగులు డాలర్ల యావశ్యకతను చెప్పిరి. ఆ వాదప్రతివాదములను న్యాయశాస్త్రపండితుడైన ఈసా శివ్‌జీ 1973లో గ్రంథముగా ప్రకటించెను. ఇక 1977 ఫిబ్రవరిలో టాంజానియా కెన్యా సరిహద్దును మూసివేసెను. దానికి గల కారణములలో నొకటి, యాత్రికులు నైరోబిలో దిగి, నైరోబి మోటారులలో వచ్చి, టాంజానియా మృగములను చూచి, సొమ్మంతయు నైరోబిలో విడిచిపోవుచున్నారను కోపమే. సరిహద్దు 1983దాక మూతబడియుండెను. నాడు ఒక దేశము పొరుగుదేశముపై మోపిన యభియోగమునే నేడు లోలియోండో గ్రామస్థుడు తన ప్రభుత్వముపై మోపుచున్నాడు. రెండింటి ధర్మమొకటియే.

మఱి వేఱుమార్గము లేదా? కలదు, ఆ లోలియోండోలోనే యుండెను. 1990వ దశకమున ఒలోలోసొక్వాన్ మొదలగు గ్రామములు యాత్రాకంపెనీలతో తామే యొడంబడికలు చేసికొని, గుడారములు వేయుటకును, కాలినడకన తిరుగుటకును ఇంతయని రుసుము పుచ్చుకొనెను. పశువులు మేయుట ఆగలేదు. మృగములు మాయము కాలేదు. సొమ్ము గ్రామసభకు వచ్చెను, పాఠశాలలకు వ్యయమయ్యెను. 1999లో చేసిన గ్రామభూముల చట్టము భూమిపై గ్రామసభ యధికారమును గుర్తించెను. అయినను 2007లో వచ్చిన నిబంధనలు ఆ రుసుములను కేంద్రప్రభుత్వముద్వారా మళ్లించి, గ్రామములకు స్వతంత్రముగా బేరమాడు శక్తిని తగ్గించెను. పొరుగున కెన్యాలో మాసాయి మారా వనము చుట్టును, ఈ శతాబ్ది మొదటి దశకమునుండి, పట్టాలు గల మాసాయిరైతులు తమ భూములను కలిపి యాత్రాకంపెనీలకు కౌలుకిచ్చి, నెలనెలకు అద్దె పుచ్చుకొనుచున్నారు. ఆ యేర్పాటులోను దోషములున్నవి. మేతకు ఆంక్షలున్నవి, పట్టాలు పురుషుల పేరనే యుండుటచే స్త్రీలకు చేరునది స్వల్పము. కాని కౌలుదారునకును, భూస్వామికిని గల భేదము అచ్చట తలక్రిందులు కాలేదు. అతిథి అద్దె యిచ్చుచున్నాడు. గృహస్థుడు పత్రముపై సంతకము చేయుచున్నాడు. గడువు తీరినపుడు వలదనుటకు వానికి వీలున్నది.

దొరలు పోయిరి, దొరతనము నిలిచెనని చెప్పవలసివచ్చుట మాకు దుఃఖకరము. స్వతంత్రదేశమును ఆక్షేపించుట పరతంత్రదేశమును ఆక్షేపించుటకంటె కష్టము. ఆఫ్రికా ప్రభుత్వములను నిందించుటలో ఆనందించువారితో మేము గొంతు కలుపము. ఈ తప్పు వారిదే యనుటకు వీలులేదు. దక్షిణభాగపు వనములలో పర్యాటకమును పెంచుటకై 2017లో ప్రపంచబ్యాంకు 15 కోట్ల డాలర్ల పథకము నంగీకరించెను. రువాహా వనసమీపపు గ్రామస్థులు, తమ పశువులను పట్టుకొనిపోవుచున్నారనియు, వనరక్షకులు హింసించుచున్నారనియు ఫిర్యాదు చేయగా, 2024 ఏప్రిలులో సొమ్మిచ్చుట నిలిపివేయబడి, ఆ నవంబరులో పథకమే రద్దయ్యెను. అప్పిచ్చినవారు పరదేశీయులు, చిత్తరువు గీచినవారు పరదేశీయులు, చూడవచ్చువారు పరదేశీయులు. ఇంటివారిని వెడలగొట్టు నపకీర్తి మాత్రము స్వదేశప్రభుత్వమునకు మిగిలినది. ఆ ప్రభుత్వము దీనిని గ్రహించుటయే దేశాభిమానమున కనుగుణము.

మా యభిప్రాయమును సంగ్రహముగా చెప్పెదము. న్గోరోంగోరో, లోలియోండో గ్రామములు పట్టికలో శాశ్వతముగా నిలువవలెను. వాని పచ్చికభూములకు గ్రామసభల పేర పట్టాలుండవలెను. యాత్రికుడిచ్చు రుసుములో గ్రామము వంతెంతయో చట్టముననే వ్రాసి, ఏటేట లెక్క ప్రకటింపవలెను. వైద్యశాలను, పాఠశాలను బేరమునకు సాధనముగా నుపయోగింపరాదు. పోదలచినవానికి పోవు స్వేచ్ఛయును, ఉండదలచినవానికి ఉండు హక్కును సమానముగా నుండవలెను. 1959లో పరదేశి గవర్నరు చేసిన వాగ్దానమును స్వదేశప్రభుత్వము చెల్లించినచో దానివలన దానికి గౌరవము పెరుగునే గాని తగ్గదు.

ఇది దూరదేశపు సంగతి గదా యని మన పఠనాలయములలోని మిత్రులు తలపవచ్చును. దూరము నేడంత లేదు. భారతదేశమునుండి టాంజానియాకు పోవు విహారయాత్రికుల సంఖ్య పెరిగినది; మన పట్టణములలోని సంపన్నకుటుంబములును సింహములను చూడ సెరెంగెటికి పోవుచున్నవి. ఇన్నాళ్లు మన భూములను పరదేశీయులు చూచిపోవుటనే యెఱిగిన మనము, నేడు పరుల యింట అతిథులమైతిమి. నల్లమలలో పులుల కొఱకు వేఱుచేసిన యడవులలో చెంచువా రుండవలెనా పోవలెనా యను ప్రశ్న మన యెదుటనే కలదు. 2006లో చేసిన అటవీహక్కుల చట్టము గ్రామసభ సమ్మతి లేక అట్టివారిని కదల్పరాదని చెప్పుచున్నది. మన యింట మనము కోరు ధర్మమునే పరుల యింటను పాటింపవలెను గదా.

కావున యాత్రకు పోవు సోదరులకు మా విజ్ఞప్తి యొక్కటియే. పోవద్దని మేము చెప్పము. లోకమును చూచుట విద్యలో భాగము. కాని సొమ్ము చెల్లించుటకు ముందు ఆ కంపెనీవానిని మూడు సంగతులడుగుడు: ఈ గుడార మెవరి భూమిపై నున్నది? ఆ భూమివారికి ఎంత చెల్లించుచున్నారు? మూటమోయువానికి కూలి యెంత? చెప్పలేనివానికి సొమ్మియ్యకుడు. అడుగువారు వేయిమందియైన దినమున, చెప్పగలిగిన కంపెనీలే మిగులును. అతిథిధర్మ మనునది గృహస్థునకు మాత్రమే విధింపబడినది గాదు. ఏ యింటి యజమానుని వెడలగొట్టి ఆ యింట మనకు పీట వేయుచున్నారో, ఆ పీటపై కూర్చుండకుండుట అతిథియొక్క ధర్మము.